ఒక్క అంగుళంలో ఎన్ని ఊళ్లు? కొలిచి చూపిన కాలిన్ మెకంజీ

గోడకు వేలాడే భారతదేశ పటంలో పుల్లలచెరువు ఎక్కడుందో వెతకండి. దొరకదు. రాష్ట్ర పటం తీసుకుంటే మార్కాపురం, గిద్దలూరు కనిపిస్తాయి. జిల్లా పటంలో పుల్లలచెరువు మండల కేంద్రంగా ఒక చుక్కయి కూర్చుంటుంది. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల 1:50,000 షీటు తెరిస్తే చెరువులు, వాగులు, గుట్టల చుట్టూ మెలికలు తిరిగిన గీతలు, బండి బాటలు బయటపడతాయి. చివరికి సచివాలయంలో ఉండే గ్రామ పటం ముందు కూర్చుంటే మీ పొలం గట్టు కూడా కనిపిస్తుంది. ఊరు అదే. మారింది స్కేలు ఒక్కటే.

గ్రూప్స్ నుంచి డీఎస్సీ వరకు జాగ్రఫీ సిలబస్ ఉన్న పరీక్షల్లో ఈ స్కేలు ప్రశ్న తగులుతూనే ఉంటుంది. చాలామంది ఒక సూత్రం బట్టీ పట్టి వెళ్తారు, హాల్లో తారుమారు చేసుకుంటారు. అందుకే ఈసారి సూత్రంతో కాకుండా ఒక మనిషి కథతో మొదలుపెడదాం. మన నల్లమల అంచుల చుట్టూ 200 ఏళ్ల కిందట దేశాన్ని కొలిచిన కల్నల్ కాలిన్ మెకంజీ కథ ఇది. ఆయన పేరు వినగానే మనకు కైఫియత్తులు గుర్తొస్తాయి. ఆయన చేసిన ఉద్యోగం మాత్రం సర్వే.

ఆలస్యంగా మొదలైన కెరీర్

మెకంజీ 1754లో స్కాట్లాండ్‌కు పడమరగా సముద్రంలో ఉన్న లూయిస్ దీవిలో, స్టోర్నోవే అనే చిన్న రేవు పట్టణంలో పుట్టాడు. తండ్రి అక్కడి పోస్ట్‌మాస్టర్. కొడుక్కి కస్టమ్స్ కార్యాలయంలో కొలువు దొరికింది. స్థిరమైన ఉద్యోగం, సొంత ఊరు. ఇంకొకరైతే అక్కడే రిటైరయ్యేవారు. ఈయనకు మాత్రం లెక్కల పిచ్చి. లాగరిథమ్స్ కనిపెట్టిన జాన్ నేపియర్ జీవిత చరిత్ర రాయాలని ఆ వంశానికి చెందిన ఒక ప్రభువు పూనుకుంటే, అందుకోసం హిందువుల గణితం గురించి సమాచారం పోగుచేసే పని మెకంజీకి తగిలింది. ఆ ఆసక్తే ఆయన్ను ఇటు తిప్పింది.

1783 సెప్టెంబరులో మద్రాసులో దిగేసరికి ఆయనకు 30 ఏళ్లు దగ్గరపడుతున్నాయి. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో కేడెట్లంటే సాధారణంగా మీసం కూడా సరిగా మొలవని కుర్రాళ్లు. వాళ్ల మధ్య ఈయన పెద్దన్నలా చేరాడు. కాల్బలంలో మొదలై ఇంజినీర్ల విభాగానికి మారాడు. కోయంబత్తూరు, దిండిగల్లు తర్వాత మద్రాసు, నెల్లూరు, గుంటూరు సీమల్లో పని పడింది. గుంటూరు సర్కారు 1788లో కంపెనీ చేతికి వచ్చింది. కొత్తగా చేతికొచ్చిన సీమలో దారి ఏది, వాగు ఎక్కడ దాటాలి, కనుమ ఎటుంది అన్నది తెలియకపోతే దండు కదలదు, శిస్తు వసూలు కాదు. ఆ పటాలు కంపెనీకి దేశభక్తితోనో విజ్ఞాన తృష్ణతోనో అవసరం పడలేదు. ఈ మాట మొదటే అనుకుని ముందుకు పోదాం.

రెన్నెల్ పటంలో ఖాళీ

అప్పటికి హిందూస్థానం మొత్తానికి పేరున్న పటం జేమ్స్ రెన్నెల్‌ది. 1782లో లండన్‌లో అచ్చయింది. దాని స్కేలు ఒక డిగ్రీకి ఒక అంగుళం. ఒక డిగ్రీ అంటే సుమారు 69 మైళ్లు. మైలుకు 63,360 అంగుళాలు. గుణిస్తే దాదాపు 44 లక్షలు వస్తుంది. అంటే పటం మీద ఒక అంగుళం, నేల మీద 44 లక్షల అంగుళాలు. ఇప్పటి పద్ధతిలో 1:44,00,000 అని రాస్తాం.

దీన్ని మన నేల మీద పెట్టి చూద్దాం. పుల్లలచెరువు నుంచి మార్కాపురానికి బస్సు దారి కాకుండా నేరుగా గీత గీస్తే 48 కిలోమీటర్లు అనుకోండి. రెన్నెల్ పటంలో ఆ దూరం 1.1 సెంటీమీటరు. రెండు ఊళ్ల మధ్య మీ బొటనవేలి గోరు పడుతుంది. ఆ గోరు కింద ఎర్రగొండపాలెం, త్రిపురాంతకం, కొండలు, అడవి, వాగులు అన్నీ అణిగిపోవాలి. పైగా కలంతో గీసే సన్నటి గీత పావు మిల్లీమీటరు మందం ఉంటుందనుకుంటే, ఆ స్కేలులో అదే కిలోమీటరుకు పైగా వెడల్పు. పటంలో కనిపించే రోడ్డు రోడ్డంత లేదు, అది గుర్తు మాత్రమే. పటాల రూపకల్పనలో అందరూ మరిచిపోయే మొదటి పాఠం ఇదే.

రెన్నెల్‌ను తప్పుపట్టడానికి లేదు. దండు నడిచిన దారుల లెక్కలు, చక్రం దొర్లించి కొలిచిన దూరాలు ఎక్కడెక్కడివో తెప్పించి అతికాడు. కొలిచే చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెడితే దారి పొడవు తెలుస్తుంది. కానీ దారి వంకరలు తిరుగుతుంది. అందుకని వంకరకు ఇంత అని తగ్గించి నేరు దూరం అంచనా వేసేవారు. మైదానంలో ఆ అంచనా నడుస్తుంది. నల్లమల లాంటి చోట కనుమ దారి ఎంత మెలిక తిరుగుతుందో దోర్నాల మీదుగా శ్రీశైలం బస్సెక్కిన ఎవరికైనా తెలుసు. అలాంటి చోట పటం తప్పక తప్పదు, దక్కన్ లోపలి భాగం పలచగా మిగిలిపోకా తప్పదు.

ఆ ఖాళీ నింపే పని మెకంజీకి పడింది. 1790-92 మైసూరు యుద్ధంలో పనిచేశాక, శ్రీరంగపట్నం సంధితో టిప్పు నుంచి నిజాంకు దక్కిన సీమల భూగోళం తేల్చమని పంపారు. గండికోట, కడప వైపు ఉన్న నేల అది. నిజాం దగ్గర ఉన్న కంపెనీ దళానికి ఇంజినీరుగా, సర్వేయరుగా కొన్నేళ్లు తిరిగాడు. 1794లో శ్రీశైలం వెళ్లాడు. గుడి ప్రాకారం మీద చెక్కిన బొమ్మల దగ్గర్నుంచి అన్నీ రాసిపెట్టుకున్నాడు. ఆ వృత్తాంతం 1798లో ఏషియాటిక్ రీసెర్చెస్ ఐదో సంపుటంలో వచ్చింది. మధ్యలో పుదుచ్చేరి ముట్టడి, సింహళం దండయాత్ర కూడా ఉన్నాయి. యుద్ధం పిలిస్తే థియోడొలైట్ మూటగట్టి వెళ్లడం, అయిపోయాక వచ్చి మళ్లీ మొదలుపెట్టడం. నిలకడగా ఒక పని చేయనిచ్చే ఉద్యోగం కాదది.

ఒక గీత కొలిచి, మిగతావి లెక్కగట్టి

1799లో టిప్పు పడిపోయాడు. రాజ్యం పంపకాలు జరిగాయి. ఎక్కడి వరకు ఎవరిదో తేల్చాలంటే సరైన పటం కావాలి. మైసూరు సర్వే మెకంజీకి అప్పగించారు. సుమారు 40,000 చదరపు మైళ్ల నేల. దాదాపు పదేళ్లు పట్టింది.

ఇక్కడ ఆయన దారి కొలతల మీద ఆధారపడలేదు. పద్ధతి ఇలా ఉంటుంది. చదునైన చోట ఒక గీతను గొలుసుతో అత్యంత జాగ్రత్తగా కొలుస్తారు. దాన్ని బేస్‌లైన్ అంటారు. దాని రెండు కొనల నుంచి దూరాన ఒక కొండ మీద పాతిన జెండాను థియోడొలైట్‌తో చూసి కోణాలు తీస్తారు. ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగతా రెండు భుజాలు లెక్కలో వచ్చేస్తాయి. ఇంటర్‌లో చదివిన సైన్ సూత్రమే. వచ్చిన భుజం మీద ఇంకో త్రిభుజం, దాని మీద ఇంకొకటి. వాగులు, అడవులు అడ్డం వచ్చినా ఫరవాలేదు, కొండ నుంచి కొండ కనిపిస్తే చాలు. ఆ త్రిభుజాల వల పరిచాక, లోపలి ఊళ్లు, చెరువులు, దారులు ప్లేన్ టేబుల్ మీద అక్కడికక్కడే గీస్తారు. ముందు అస్థిపంజరం, తర్వాత కండ. ఈ క్రమం తలకిందులైతే చిన్న తప్పులు ఊరూరా పెరుగుతూ పోయి చివరికి రెండు షీట్లు అతకవు.

అదే కాలంలో విలియం లాంబ్టన్ 1802 ఏప్రిల్‌లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఏడున్నర మైళ్ల బేస్‌లైన్ కొలిచి, భూమి వంపునే లెక్కలోకి తీసుకునే మహా త్రికోణమితి సర్వే మొదలుపెట్టాడు. లాంబ్టన్‌కు ఖచ్చితత్వం దైవం. మెకంజీ చూపు వేరు. ఎక్కడుంది అన్నదానితోపాటు అక్కడ ఏముంది అని కూడా అడిగేవాడు. పంట ఏది, చెరువు ఎవరు తవ్వించారు, ఈ గ్రామం మిరాశీ ఎవరిది, ఈ రాతి మీద ఏం రాసుంది?

ఈ ప్రశ్నలు స్కేలు నుంచే పుట్టాయని నాకనిపిస్తుంది. నాలుగు మైళ్లకు ఒక అంగుళం గీసే పటంలో ఒక ఊరికి దొరికేది చుక్క, పేరు, అంతే. ఇంకేం రాసినా పటం చదవలేనంత ఇరుకవుతుంది. ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్నదే పటం గీసేవాడి అసలు నిర్ణయం. మెకంజీ వదిలినదాన్ని పారేయలేదు. పటంతోపాటు ఒక వివరణ గ్రంథం జతచేసేవాడు. ఊళ్ల పట్టికలు, నదులు, అడవులు, జనం లెక్కలు అందులో. ఇంకా మిగిలినవి కైఫియత్తులయ్యాయి. ఇప్పుడు కంప్యూటర్‌లో పటం మీద చుక్క నొక్కితే పట్టిక తెరుచుకుంటుంది కదా, జీఐఎస్ నేర్చుకునేవాళ్లు దాన్ని ఆట్రిబ్యూట్ టేబుల్ అంటారు. ఆలోచన అదే, ఆయన కాగితం మీద చేశాడు.

అంత పనికి కంపెనీ ఇచ్చింది ఏమిటంటే, కోతలు. లండన్ డైరెక్టర్లు ఖర్చు ఎక్కువైందని భత్యాలు తగ్గించారు. సహాయకులు ఒక్కొక్కరే తప్పుకున్నారు. జ్వరాలు ఉండనే ఉన్నాయి. ఆయన్ను ఆదుకున్నది మద్రాసులో 1794లో పెట్టిన సర్వే పాఠశాలలో తయారైన కుర్రాళ్లు. అనాథాశ్రమం నుంచి తెచ్చి గొలుసు పట్టడం, కోణం తీయడం, పటం గీయడం నేర్పిన పిల్లలు వాళ్లు. ఇవాళ్టి గిండీ ఇంజినీరింగ్ కాలేజీ మూలాలు ఆ చిన్న బడిలోనే ఉన్నాయి.

మన సీమ వంతు

1800లో నిజాం కంపెనీకి ఇచ్చేసిన దత్తమండలాల్లో కంభం, మార్కాపురం కూడా ఉన్నాయి. అప్పట్లో కడప జిల్లా కింద లెక్క. 1858లో కర్నూలు జిల్లాకు మారాయి, 1970లో ఒంగోలుతో కలిశాయి. ఇన్ని గీతలు మారినా కొండ కొండలాగే ఉంది, గుండ్లకమ్మ అలాగే పారుతోంది. 1810లో మెకంజీ మద్రాసుకు సర్వేయర్ జనరల్ అయ్యాడు. దత్తమండలాల సర్వే, దానితోపాటు ఊరూరా కైఫియత్తుల సేకరణ ఆయన అజమాయిషీలో సాగాయి. కరణాల కవిలెలు చూసి రాసుకున్న ఆ కాగితాలు లేకపోతే ఈ సీమలో చాలా ఊళ్లకు రాతలో చరిత్రే లేదు.

దక్షిణాది సర్వేలు ఆధారంగా 1827 నుంచి అట్లాస్ ఆఫ్ ఇండియా షీట్లు రావడం మొదలైంది. స్కేలు అంగుళానికి నాలుగు మైళ్లు, అంటే 1:2,53,440. ఇప్పుడు శీర్షికలో ప్రశ్నకు వద్దాం. మీ ఊరి విస్తీర్ణం నాలుగు చదరపు మైళ్లు, అంటే 2,560 ఎకరాలు అనుకోండి. రెన్నెల్ పటంలో ఒక చదరపు అంగుళంలో అలాంటి ఊళ్లు 1,190 దాకా పట్టాలి. అట్లాస్‌లో నాలుగు. మైలుకు 16 అంగుళాలుగా గీసిన పాత గ్రామ పటంలో అయితే ఆ ఒక్క ఊరికే 1,024 చదరపు అంగుళాల కాగితం కావాలి. అదే స్కేలులో పుల్లలచెరువు నుంచి మార్కాపురం దాకా గీయాలంటే 12 మీటర్ల కాగితం పరవాలి.

పరీక్షలో దొర్లే తప్పు ఇక్కడే. 1:3,960 పెద్ద స్కేలా, 1:2,53,440 పెద్ద స్కేలా? రెండో అంకె పెద్దది కాబట్టి అదే పెద్ద స్కేలని టిక్ పెట్టేస్తారు. అది భిన్నం. లడ్డూలో సగం పెద్దదా, పదో వంతు పెద్దదా? కింది అంకె పెరిగితే ముక్క చిన్నదవుతుంది. పెద్ద స్కేలు పటంలో తక్కువ నేల, ఎక్కువ వివరం. చిన్న స్కేలులో ఎక్కువ నేల, తక్కువ వివరం.

ఇంకో మెలిక. 1:50,000 పటాన్ని జిరాక్స్‌లో రెట్టింపు చేశారు. కింద అచ్చయిన 1:50,000 అన్న మాట అబద్ధమైపోతుంది, ఇప్పుడది 1:25,000. కానీ గీత రూపంలో ఉన్న స్కేలు కూడా పటంతోపాటే పెరుగుతుంది కాబట్టి అది నిజమే చెబుతుంది. ఫోన్లో జూమ్ చేసినా ఇంతే. పటం పెద్దదయినంత మాత్రాన కొలిచినప్పుడు లేని వివరం కొత్తగా పుట్టదు. 1:50,000లో ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 50 మీటర్లు. వెలిగొండ సొరంగం 18.8 కిలోమీటర్లు, ఆ షీటు మీద 37.6 సెంటీమీటర్ల గీత. ఎటు పోతుందో చూసుకోవడానికి ఆ షీటు సరిపోతుంది. రెండు వైపుల నుంచి తవ్వి మధ్యలో కలపడానికి ఎంతమాత్రం పనికిరాదు. పొలం హద్దు తగాదాకు టోపో షీటు పట్టుకెళ్లేవాళ్లు కూడా ఉన్నారు. దానికి ఎఫ్ఎంబీ కావాలి, కొత్త రీసర్వే అయిన ఊళ్లలో ల్యాండ్ పార్సిల్ మ్యాప్ కావాలి.

ఆసక్తి ఉంటే సర్వే ఆఫ్ ఇండియా పోర్టల్‌లో మన షీట్లు వెతకండి. పాత నంబర్ల ప్రకారం మార్కాపురం 57 ఎం, గిద్దలూరు 57 ఐ. పుల్లలచెరువు 16వ అక్షాంశానికి ఉత్తరాన ఉంది కాబట్టి 56 పి లోకి పోతుంది. ఒకే సీమ మూడు షీట్ల మూలల్లో పడింది. షీటు తెరిచాక వాగుల రంగు చూడండి. నీరుండేవి నీలం, ఎండిపోయేవి నలుపు. మన దగ్గర నల్లగీతలు ఎన్నో లెక్కపెడితే కరువు గురించి వేరే చెప్పనక్కర్లేదు. వాటర్‌షెడ్ పనులకు, గ్రామ సర్వేయరు ఉద్యోగానికి, బాలానగర్ ఎన్ఆర్ఎస్సీ ప్రాజెక్టులకు, ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా నడిపే శిక్షణ సంస్థకు వెళ్లాలనుకునేవాళ్లకు ఇంతకు మించిన ప్రాక్టికల్ లేదు. క్యూజీఐఎస్ ఉచితంగా దొరుకుతుంది, కంప్యూటర్ ఒక్కటి ఉంటే చాలు.

కావలి సోదరులు

మెకంజీకి తెలుగు రాదు. సంస్కృతం, కన్నడం, తమిళం కూడా రావు. 38 ఏళ్లు ఇక్కడున్నా నేర్చుకునే తీరిక చిక్కలేదు. మరి ఊళ్లతో మాట్లాడింది ఎవరు?

1796లో ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య ఆయన దగ్గర చేరాడు. 20 ఏళ్ల కుర్రాడు. తెలుగు, సంస్కృతం, ఇంగ్లీషుతోపాటు ఇంకొన్ని భాషలు పట్టేశాడు. పాత శాసనాల లిపి చదవడం సొంతంగా సాధించాడు. ఏ ఊరికి వెళ్తే ఎవర్ని అడగాలి, ఎలా అడగాలి, రాసిందాన్ని ఎలా భద్రపరచాలి అన్న పద్ధతి చాలావరకు అతని చేతిలో రూపు దిద్దుకుంది. 1803లో, ముప్పై నిండకుండానే చనిపోయాడు. మెకంజీ ఆ లోటును చివరిదాకా తలుచుకున్నాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ స్థానంలోకి వచ్చి, ఊరూరికీ మనుషుల్ని పంపి, వాళ్ల నివేదికలు తెప్పించుకుని, తర్జుమా చేయించే యంత్రాంగమంతా నడిపాడు. ఇంకో సోదరుడు రామస్వామి 1829లో దక్కన్ కవుల మీద ఇంగ్లీషులో పుస్తకం వేశాడు.

మెకంజీ 1811లో జావా దండయాత్రకు వెళ్లి రెండేళ్లు ఉండి, అక్కడే పెళ్లి చేసుకుని తిరిగొచ్చాడు. 1815లో మొత్తం భారతదేశానికి తొలి సర్వేయర్ జనరల్ పదవి ఇచ్చారు. కలకత్తా వెళ్లకముందే, 1816లో చిత్రకారులతో అమరావతికి మళ్లీ వచ్చి దీపాలదిన్నె ప్లాను, శిల్పాల బొమ్మలు గీయించాడు. తర్వాత అక్కడి రాళ్లు చాలా చెదిరిపోయాయి, కొన్ని సున్నమైపోయాయి. ఏ రాయి ఎక్కడుండేదో చెప్పడానికి ఆ బొమ్మలే దిక్కయ్యాయి. అదే ఏడు థామస్ హికీ గీసిన ఆయన వర్ణచిత్రం ఇప్పటికీ ఉంది. ఎర్రకోటు తొడిగిన ముసలాయన మధ్యలో, చుట్టూ ముగ్గురు మనవాళ్లు. ఒకరి చేతిలో తాటాకు గ్రంథం, ఒకరి చేతిలో దూరదర్శిని. తన బొమ్మలో తన పనివాళ్లను పక్కన నిలబెట్టుకున్న దొరలు ఆ కాలంలో ఎందరో లేరు.

1821 మే 8న కలకత్తా దగ్గర హుగ్లీ నది మీద పడవలో ఆయన చనిపోయాడు. 1783లో విడిచిన స్టోర్నోవేకు మళ్లీ పోలేదు. 1,568 గ్రంథాలు, 8,076 శాసన ప్రతులు, 6,218 నాణేలు, 2,630 చిత్రాలు, ఇంకా వేల కొద్దీ స్థానిక వృత్తాంతాలు మిగిల్చిపోయాడు. చాలావరకు సొంత ఖర్చుతో పోగుచేసినవే. భార్య వాటిని లక్ష రూపాయలకు ప్రభుత్వానికి అమ్మింది. కొన్ని లండన్‌కు, కొన్ని మద్రాసుకు చేరాయి. శిథిలమవుతున్న తెలుగు కాగితాలకు తర్వాత సి.పి.బ్రౌన్ ప్రతులు రాయించాడు.

లక్ష్మయ్య మాత్రం పని ఆగిపోకూడదనుకున్నాడు. దొర పోయినా పద్ధతి తెలిసినవాడిని తానున్నాను, మిగిలింది పూర్తిచేస్తానని దరఖాస్తు పెట్టుకున్నాడు. పాతికేళ్లకు పైగా ఆ కాగితాలతో బతికిన మనిషి. కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో దాన్ని పరిశీలించిన జేమ్స్ ప్రిన్సెప్, ఈ పనికి కావలసిన విమర్శనా దృష్టి ఒక దేశీయుడికి ఉండదన్నట్టుగా అభిప్రాయం రాసి తోసిపుచ్చాడు. ఆ కాగితాలు పరిశీలించే బాధ్యత విలియం టేలర్ అనే పాదిరీకి వెళ్లింది. టేలర్ చదువుతూ కూర్చున్న ఆ కట్టల్లో చాలావాటికి ఎవర్ని ఏ ఊరు పంపాలో, తిరిగొచ్చినదాన్ని ఎలా సరిచూడాలో నిర్ణయించినవాడు లక్ష్మయ్యే.